మిల్లుకు చిక్కని పుస్తకాలు

నాజీ జర్మనీ యూదుల పుస్తకాలను తగలబెట్టింది, దోచుకుంది, గుజ్జు చేయడానికి కాగితపు మిల్లులకు తోలింది. 1933 మే 10న బెర్లిన్‌లోనూ, మరెన్నో విశ్వవిద్యాలయ పట్టణాల్లోనూ విద్యార్థులే యూదు రచయితల, నాజీ వ్యతిరేకుల పుస్తకాలను కుప్పపోసి నిప్పు పెట్టారు. 1938 నవంబరులో వందలాది సినగాగులు, అంటే యూదు ప్రార్థనామందిరాలు, కాలిపోయినప్పుడు వాటిలోని తోరా చుట్టలూ కాలిపోయాయి. 1939లో యుద్ధం మొదలై, యూదులు ఎక్కువగా నివసించే తూర్పు ఐరోపా పట్టణాలు ఒక్కొక్కటే జర్మన్ సైన్యానికి చిక్కాక ఇది కార్యాలయాలు, గుమాస్తాలు, లెక్కల పుస్తకాలు ఉన్న పెద్ద వ్యవహారంగా మారింది. ఒకే ఊళ్లో ఒక పక్క మనుషులను చంపుతుంటే మరో పక్క వాళ్ల గ్రంథాలయాలను పెట్టెలకెత్తించారు.

అయినా లక్షలాది పుస్తకాలూ పత్రాలూ బయటపడ్డాయి. అవి అదృష్టం కొద్దీ మిగిలినవి కావు. తాము బతుకుతామన్న ఆశ లేని ఖైదీలు వాటిని దాచారు. ఇరుగుపొరుగువారు ప్రాణాలకు తెగించి తమ ఇళ్లలో పెట్టుకున్నారు. యుద్ధం ముగిశాక సైనికాధికారులూ గ్రంథపాలకులూ ఏళ్ల తరబడి ఏరి, ఎవరి పుస్తకాలు వారికి చేర్చారు. యూదులు విల్నా అని పిలుచుకున్న నగరంలో, అంటే నేటి లిథువేనియా రాజధాని విల్నియస్‌లో, ఈ కృషి మొదటి నుంచి చివరి దాకా వివరంగా నమోదై ఉంది.

పుస్తకానికి ఉన్న స్థానం

సొంత రాజ్యం లేకుండా శతాబ్దాల పాటు దేశదేశాల్లో చెదిరి బతికిన యూదులను ఒక సమాజంగా నిలిపింది చదువే. ధర్మగ్రంథమైన తోరా, దాని మీద ధర్మచర్చల మహాసంకలనమైన తాల్ముద్, వాటికి తరతరాల వ్యాఖ్యానాలు ప్రతి యూదు ఊళ్లోనూ ఉండేవి. దేవుని పేరు రాసి ఉన్న కాగితం చిరిగి చీకిపోయినా చెత్తలో వేయరు. సినగాగులో ఒక చోట భద్రం చేసి, తర్వాత శ్మశానంలో పాతిపెడతారు. ఊరి యూదు సంఘం తన వ్యవహారాలను ఒక చిట్టాలో రాసుకునేది. చందాలు, తగాదాల తీర్పులు, ఎన్నికలు, విపత్తులు అన్నీ అందులో ఉండేవి. ఊరు మాసిపోతే ఆ ఊరి చరిత్రకు అలాంటి చిట్టాయే ఆధారం. 19వ శతాబ్దం నుంచి వీటికి యిడ్డిష్ భాషలో కథలు, నాటకాలు, పత్రికలు, రాజకీయ కరపత్రాలు తోడయ్యాయి. తూర్పు ఐరోపా యూదులు ఇంట్లో, బజారులో మాట్లాడుకున్న భాష యిడ్డిష్.

విల్నా ఈ అక్షర సంపదకు రాజధాని. దాన్ని లిథువేనియా జెరూసలేం అని పిలిచేవారు. యుద్ధానికి ముందు అక్కడ సుమారు 60,000 మంది యూదులు ఉండేవారు. పండితుడు మత్తిత్యాహు స్ట్రాషున్ 1885లో చనిపోతూ తన సొంత గ్రంథాలను యూదు సంఘానికి రాసిచ్చాడు. ఆ విరాళంతో పెద్ద సినగాగు ఆవరణలో వెలసిన స్ట్రాషున్ గ్రంథాలయం ఐరోపాలోని పేరున్న యూదు గ్రంథాలయాల్లో ఒకటైంది. తల నెరిసిన రబ్బీలూ, నాస్తిక యువకులూ అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుని చదివేవారు. రోమ్ కుటుంబం వారి అచ్చుకూటంలో 1880లలో ముద్రించిన విల్నా తాల్ముద్ ప్రతినే ప్రపంచమంతటా ప్రామాణికంగా వాడుతున్నారు. 1925లో భాషాశాస్త్రవేత్త మాక్స్ వైన్‌రైక్, మరికొందరు పండితులు కలిసి యీవో అనే పరిశోధన సంస్థను స్థాపించారు. సామెతలు, పాటలు, నాటకాల గోడపత్రికలు, సామాన్యుల ఉత్తరాలు, యువతీయువకులు రాసిన ఆత్మకథలు, ఇలా యూదుల దైనందిన జీవితానికి సంబంధించిన ప్రతి కాగితాన్నీ అది సేకరించింది. ఊరూరా ఉన్న స్వచ్ఛంద సేకర్తలు వాటిని పోగుచేసి టపాలో పంపేవారు.

దోపిడీ శాఖ

1941 జూన్ 24న జర్మన్ సైన్యం విల్నాలో ప్రవేశించింది. ఊరి బయట పోనారీ అడవిలో, ఇంధన ట్యాంకుల కోసం తవ్విన గుంతల దగ్గర, యూదులను గుంపులుగా నిలబెట్టి కాల్చడం ఆ వేసవిలోనే మొదలైంది. సెప్టెంబరు 6న మిగిలినవారిని ఇరుకు వీధుల్లో కట్టిన ఘెట్టోలలోకి తోలారు. అనుమతి లేకుండా గేటు దాటితే చావే.

నాజీ సిద్ధాంతకర్త ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ పేరుతో నడిచిన ప్రత్యేక దళం అదే సమయంలో రంగంలోకి దిగింది. ఆక్రమిత దేశాల గ్రంథాలయాలను, చిత్రశాలలను, పత్ర భాండాగారాలను కొల్లగొట్టడమే దాని పని. యూదులు లేని ప్రపంచంలో యూదులపై పరిశోధన చేయడానికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక సంస్థను 1941లో ప్రారంభించారు. దోచిన పుస్తకాల్లో ఏరినవి అక్కడికి వెళ్లేవి. పరిశోధన ఫలితం ముందే నిర్ణయమై ఉంది: యూదులు మానవజాతికి శత్రువులని చూపడం. ఈ పనికి హీబ్రూ తెలిసిన జర్మన్లు కావలసి వచ్చారు. జెరూసలేంలో చదువుకుని వచ్చిన యోహానెస్ పోల్ అనే మాజీ కేథలిక్ మతగురువు అలాంటివాడు. 1942 మొదట్లో అతను విల్నా వచ్చాడు.

లక్షల పుస్తకాలను వేరుచేయడం ఇద్దరు ముగ్గురు జర్మన్ల వల్ల అయ్యేది కాదు. యిడ్డిష్, హీబ్రూ క్షుణ్ణంగా తెలిసినవారు ఘెట్టోలోనే ఉన్నారు. అందుకని వారితోనే ఆ పని చేయించారు. యీవో భవనం ఘెట్టో బయట ఉంది. స్ట్రాషున్ గ్రంథాలయం, సినగాగులు, పాఠశాలలు, ఇళ్ల నుంచి తెచ్చిన పుస్తకాలను అక్కడ గుట్టలు పోశారు. జర్మనీకి పంపాల్సింది దాదాపు మూడో వంతు. మిగతాదంతా కాగితపు మిల్లుకు పోవాలి. రోమ్ అచ్చుకూటంలో భద్రపరిచిన తాల్ముద్ సీసపు పలకలను కరిగించడానికి పంపారు.

కాగితాల దళం

ఇలా పనికి పెట్టినవారు సుమారు 40 మంది. ఘెట్టో జనం వారికి పెట్టిన పేరు కాగితాల దళం. దళానికి బాధ్యుడు హెర్మన్ క్రుక్. వార్సాలో గ్రంథపాలకుడిగా పనిచేసి, యుద్ధంలో విల్నాకు పారిపోయి వచ్చినవాడు. ఆయనే ఘెట్టోలో గ్రంథాలయం నడిపాడు. అక్కడ చదవడానికి ఇచ్చిన పుస్తకాల సంఖ్య లక్షకు చేరిన సందర్భంగా 1942 డిసెంబరులో సభ కూడా జరిపారు. ఆయనకు తోడు యీవో నాయకుల్లో ఒకరైన పండితుడు జెలిగ్ కల్మనోవిచ్. యిడ్డిష్ కవులు ఆవ్రోమ్ సుట్స్‌కెవర్, ష్మెర్కె కచెర్గిన్‌స్కి కూడా ఆ దళంలో ఉన్నారు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ మిగతావారు.

రోజూ చేతిలోకి వచ్చిన ప్రతి పుస్తకం గురించి వారు ఒక నిర్ణయం తీసుకోవాలి. జర్మనీకి పంపితే దొంగల పాలవుతుంది, కానీ పుస్తకంగా మిగులుతుంది. మిల్లుకు పంపితే గుజ్జవుతుంది. యుద్ధంలో జర్మనీ ఓడిపోతుందనీ, పంపినవి ఎప్పటికైనా వెనక్కి వస్తాయనీ కల్మనోవిచ్ వాదించేవాడు. దళంలో కొందరు మూడో దారి పట్టారు: దొంగచాటుగా తీసి దాచడం.

సాయంత్రం పని ముగిశాక ఘెట్టో గేటు దగ్గర తనిఖీ ఉండేది. అందుకని ఉత్తరాలనూ రాతప్రతులనూ బట్టల కింద నడుముకూ పొట్టకూ చుట్టుకుని, పైన వదులు కోటు తొడుక్కుని వచ్చేవారు. గేటు దగ్గర లిథువేనియా పోలీసులూ యూదు పోలీసులే ఉంటే, పుస్తకాలవాళ్లు కదా అని ఒక్కోసారి చూసీచూడనట్టు వదిలేవారు. జర్మన్ అధికారి నిలబడి ఉన్నాడని ముందే కబురందితే వరస మరో వీధి చుట్టూ తిరిగి కాలయాపన చేసేది. పట్టుబడితే దెబ్బలు తప్పవు. పోనారీకి పంపినా అడిగే దిక్కు లేదు. ఒకసారి సుట్స్‌కెవర్ జర్మన్ అధికారిని అడిగి, పొయ్యిలో వేసుకోవడానికి పాత కాగితం తీసుకుపోవచ్చని రాతపూర్వక అనుమతి సంపాదించాడు. ఆ చీటీ చూపి అమూల్యమైన రాతప్రతులను గేటు దాటించాడు.

అలా దాటినవాటిలో టాల్‌స్టాయ్ ఉత్తరాలు, గోర్కీ రాతప్రతులు, యిడ్డిష్ కథకుడు షోలెం అలైకెం ఉత్తరాలు, జియోనిస్టు నాయకుడు థియోడర్ హెర్జల్ దినచర్య ఉన్నాయి. 18వ శతాబ్దపు మహాపండితుడు విల్నా గావోన్ పేరు మీద నడిచిన ప్రార్థనామందిరపు చిట్టా కూడా ఉంది. పుస్తకాల ముసుగులోనే ఘెట్టోలోని ప్రతిఘటన దళానికి ఆయుధాలు చేరాయి. తుపాకీ భాగాలను యీవో భవనంలో దాచి, గేటు దాటించారు. అదే భవనంలో దొరికిన సోవియట్ సైనిక పుస్తకాలు చదివి బాంబులు చేయడం నేర్చుకున్నారు.

దాచిన చోట్లు

పుస్తకాలన్నిటినీ ఒకే చోట పెట్టకపోవడం దళం పాటించిన నియమం. కొన్ని యీవో భవనం అటక మీదే మిగిలాయి. కొన్ని ఘెట్టో ఇళ్ల గోడల్లో, నేలల కింద చేరాయి. ఇంజనీరు గెర్షోన్ అబ్రమోవిచ్ ఒక ఇంటి కింద లోతుగా తవ్విన రహస్య నేలమాళిగలో గాలి ఆడే ఏర్పాటూ కరెంటూ ఉండేవి. విలువైన పెట్టెలు కొన్నింటిని అందులో దించారు. మరికొన్ని పొట్లాలను ఊళ్లోని లిథువేనియా, పోలండ్ మిత్రులకు అందించారు. యీవో భవనం దగ్గరికి ఏదో పని పెట్టుకుని వచ్చి, పొట్లం చంకన పెట్టుకుపోయినవారు వీరు.

వారిలో ముందు చెప్పాల్సిన పేరు ఓనా షిమైతె. విల్నియస్ విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకురాలు. యూదు విద్యార్థులు తిరిగి ఇవ్వని గ్రంథాలయ పుస్తకాలు వసూలు చేసుకోవాలన్న వంకతో ఘెట్టోలోకి అనుమతి తీసుకుంది. లోపలికి ఆహారం, కబుర్లు తీసుకెళ్లేది, బయటికి ఉత్తరాలూ రాతప్రతులూ తెచ్చేది. 1944లో జర్మన్లు ఆమెను పట్టుకుని చిత్రహింసలు పెట్టి నిర్బంధ శిబిరానికి పంపారు. దాచినవాటి ఆచూకీ మాత్రం ఆమె చెప్పలేదు. యూదులను కాపాడిన అన్యమతస్థులకు ఇజ్రాయెల్ ఇచ్చే గౌరవం 1966లో ఆమెకు దక్కింది.

1943 సెప్టెంబరులో విల్నా ఘెట్టోను ఖాళీ చేయించారు. సుట్స్‌కెవర్, కచెర్గిన్‌స్కి అంతకు కొద్ది రోజుల ముందే తప్పించుకుని అడవుల్లోని గెరిల్లాలతో కలిశారు. క్రుక్‌నూ కల్మనోవిచ్‌నూ ఎస్టోనియా శిబిరాలకు తరలించారు. ఇద్దరూ 1944లో అక్కడే మరణించారు. ఘెట్టోలో మొదలుపెట్టిన దినచర్యను క్రుక్ శిబిరంలోనూ రాశాడు. లగెది శిబిరంలో తనను చంపడానికి ముందు రోజు కొందరు సాక్షుల ఎదుట చివరి రాతలను పాతిపెట్టాడు. అవి దొరికాయి. విల్నా ఘెట్టో గురించి ఈరోజు తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన రాసిపెట్టిందే. దళంలోని 40 మందిలో ప్రాణాలతో మిగిలినవారు కొద్దిమందే.

వార్సాలో పాలక్యాన్లు

విల్నాలో పాత సంపదను దాచారు. వార్సా ఘెట్టోలో అప్పుడే జరుగుతున్న చరిత్రను రాసి దాచారు. చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ 1940లో ఒక రహస్య బృందాన్ని కూడగట్టాడు. శనివారాల్లో సమావేశమయ్యేవారు గనుక దానికి విశ్రాంతి దినపు ఆనందం అనే అర్థంలో ఓనెగ్ షబ్బాత్ అని పేరు. దినచర్యలు, ఆకలిపై వైద్యుల పరిశీలనలు, పిల్లల వ్యాసాలు, రేషన్ కార్డులు, గోడపత్రికలు, మిఠాయి చుట్టిన కాగితాలు కూడా పోగుచేశారు. ఖెల్మ్నో మరణ శిబిరం నుంచి తప్పించుకొచ్చిన మనిషి సాక్ష్యాన్ని రాసుకుని బయటి ప్రపంచానికి చేరవేశారు.

1942 ఆగస్టులో, ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణ శిబిరానికి రైళ్లు వెళుతున్న రోజుల్లో, మొదటి విడత పత్రాలను పది రేకు పెట్టెల్లో పెట్టి నొవొలిప్కి వీధిలోని ఒక పాఠశాల నేలమాళిగలో పూడ్చారు. 1943 ఫిబ్రవరిలో రెండో విడతను రెండు పెద్ద పాలక్యాన్లలో పెట్టి పూడ్చారు. రింగెల్‌బ్లూమ్‌ను 1944 మార్చిలో చంపేశారు. బృందంలో బతికి బయటపడ్డ ఒకరిద్దరు చోటు చూపగలిగారు. 1946 సెప్టెంబరులో శిథిలాలు తవ్వితే రేకు పెట్టెలు దొరికాయి. నీరు చొరబడి చాలా కాగితాలు ముద్దయ్యాయి. ఒక్కొక్క పొరా విడదీసి ఆరబెట్టాల్సి వచ్చింది. 1950 డిసెంబరులో దొరికిన పాలక్యాన్లలోని కాగితాలు మెరుగైన స్థితిలో ఉన్నాయి. మూడో విడత నేటికీ దొరకలేదు. దొరికినవి సుమారు 35,000 పుటలు. 1999లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

సొంతదారుల వెతుకులాట

జర్మనీ ఓడిపోయాక అమెరికా సైన్యానికి గుహల్లో, కోటల్లో, గిడ్డంగుల్లో దోపిడీ పుస్తకాలు గుట్టలు గుట్టలుగా దొరికాయి. ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని ఓఫెన్‌బాఖ్‌లో, మైన్ నది ఒడ్డున ఒక ఐదంతస్తుల భవనంలో 1946 మార్చిలో సైన్యం వాటికోసం డిపో తెరిచింది. తొలి అధికారి సేమూర్ పోమ్రెంజ్ వృత్తిరీత్యా పత్ర భాండాగార నిపుణుడు. తర్వాత వచ్చిన ఐజాక్ బెంకోవిట్స్ రసాయన శాస్త్రవేత్త.

అక్కడ పనిచేసిన జర్మన్ కూలీల్లో హీబ్రూ చదవగలిగినవారు లేరు. బెంకోవిట్స్ దానికొక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి గ్రంథాలయమూ తన పుస్తకం మీద రబ్బరు ముద్ర వేస్తుంది. ఆ ముద్రలను ఫొటోలు తీయించి, ఒక్కో కూలీకి కొన్నింటిని కేటాయించాడు. చదవడం రాకపోయినా ఆకారం గుర్తుపడితే చాలు. పుస్తకాలు ఒకరి నుంచి ఒకరికి వరసగా వెళుతుంటే, తనకు తెలిసిన ముద్ర కనిపించగానే కూలీ ఆ పుస్తకాన్ని తీసి తన పెట్టెలో వేసేవాడు. ఈ పద్ధతిలో విల్నా పుస్తకాలు విల్నావిగా, ఆమ్‌స్టర్‌డాం పుస్తకాలు ఆమ్‌స్టర్‌డాంవిగా విడిపోయాయి. 1949లో డిపో మూసేనాటికి 30 లక్షలకు పైగా పుస్తకాలూ పత్రాలూ అక్కడి నుంచి గమ్యాలకు చేరాయి.

యుద్ధకాలంలోనే యీవో ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌కు మారింది. దాని సంపద 1947లో 420 పెట్టెల్లో అక్కడికి చేరింది. జర్మనీకి పంపినవి తిరిగి వస్తాయన్న కల్మనోవిచ్ మాట, ఆయన పోయాక మూడేళ్లకు, ఆ మేరకు నిజమైంది. సొంతదారులెవరూ మిగలని సుమారు ఐదు లక్షల పుస్తకాలను జ్యూయిష్ కల్చరల్ రీకన్‌స్ట్రక్షన్ అనే సంస్థ స్వీకరించింది. దాని అధ్యక్షుడు చరిత్రకారుడు శాలో బారన్, కార్యదర్శి తత్త్వవేత్త హన్నా ఆరెంట్. యూదులు కొత్తగా స్థిరపడిన ఇజ్రాయెల్, అమెరికా, ఇతర దేశాల గ్రంథాలయాలకు వాటిని పంచారు.

రెండో ముప్పు

1944 జులైలో సోవియట్ సైన్యం విల్నాను విడిపించగానే సుట్స్‌కెవర్, కచెర్గిన్‌స్కి తిరిగి వచ్చారు. యీవో భవనం శిథిలమై, అటక మీద దాచినవన్నీ పోయాయి. లోతు నేలమాళిగలోని పెట్టెలు భద్రంగా ఉన్నాయి. ఊళ్లో టన్నుల కొద్దీ చెత్త కాగితంలో కలిసిపోయినవి మరికొన్ని దొరికాయి. వాటితో ఇద్దరూ ఒక యూదు మ్యూజియం మొదలుపెట్టారు. అయితే స్టాలిన్ పాలనలో యూదు సంస్కృతికి చోటు లేదని త్వరలోనే వారికి అర్థమైంది. తాము కాపాడిన కాగితాలే మళ్లీ మిల్లుకు వెళ్లడం వారు చూశారు. అప్పుడు మరోసారి దొంగచాటు పని మొదలైంది. దొరికినంత మోసుకుని, సరిహద్దులు దాటించి న్యూయార్క్ యీవోకు పంపి, తామూ దేశం విడిచారు. 1946 ఫిబ్రవరిలో నాజీ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో సుట్స్‌కెవర్ విల్నా యూదుల తరఫున సాక్ష్యం చెప్పాడు.

1949లో మ్యూజియాన్ని మూసేశారు. అందులోనివన్నీ గుజ్జయ్యేవే. లిథువేనియా గ్రంథసూచి కేంద్రం అధిపతి అంటానాస్ ఉల్పిస్ అడ్డుపడ్డాడు. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేయడం ఆ కేంద్రం పని. ఆ హోదాతో యూదు పుస్తకాలనూ పత్రాలనూ సేకరించి, కేంద్రానికి గిడ్డంగిగా ఉన్న పాత సెయింట్ జార్జ్ చర్చిలో ఇతర పుస్తకాల మధ్య ఉంచాడు. యూదుడు కాని ఆ అధికారి, యిడ్డిష్ ప్రచురణలూ లిథువేనియా వారసత్వమేనని నమ్మాడు. వాటి సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1980ల చివర్లో, సోవియట్ పాలన సడలినప్పుడు. 2017లో విల్నియస్‌లోని జాతీయ గ్రంథాలయంలో మరో 1,70,000 పుటలు ఉన్నట్టు ప్రకటించారు. ఘెట్టోలో సుట్స్‌కెవర్ రాసిన కవితల నోటుపుస్తకం, 18వ శతాబ్దపు ఖగోళశాస్త్ర రాతప్రతి, ఐదో తరగతి పిల్ల రాసుకున్న ఆత్మకథ వాటిలో ఉన్నాయి.

విల్నా సంపద నేటికీ రెండు నగరాల మధ్య చీలి ఉంది. దాన్ని ఒకే చోట చూడగలిగేలా న్యూయార్క్ యీవో, లిథువేనియా సంస్థలు 2015 నుంచి 2022 వరకు కలిసి పనిచేసి, 40 లక్షలకు పైగా పుటలను డిజిటల్ రూపంలోకి మార్చాయి. ఒకే చిట్టాలో సగం ఒక దేశంలో, సగం మరో దేశంలో ఉన్నా ఇప్పుడు కలిపి చదవొచ్చు.

యుద్ధాల్లో పుస్తకాల రక్షణ గురించి ఈ చరిత్ర చెప్పేవి ఆచరణలో పెట్టదగిన సంగతులు. ఒక చోట దాచినది పోయినా మరో చోటిది మిగిలింది. గాలీ తేమా గురించి ఆలోచించి దాచినవి చెక్కుచెదరలేదు. ముద్ర, జాబితా ఉన్న పుస్తకం సొంతదారును చేరింది. శత్రువు పోయాక కూడా కాపలా అవసరమైంది. సాంస్కృతిక సంపదను యుద్ధంలో ధ్వంసం చేయరాదనీ దోచుకోరాదనీ 1954లో కుదిరిన హేగ్ ఒడంబడిక ఈ అనుభవం నుంచే పుట్టింది. ఆ ఒడంబడిక ఉన్నా 1992లో సరయేవోలో జాతీయ గ్రంథాలయం ఫిరంగి దాడిలో కాలిపోయింది. 14వ శతాబ్దపు యూదు చిత్రగ్రంథం సరయేవో హగ్గాదా మాత్రం అదే యుద్ధంలో బ్యాంకు ఖజానాకు చేరి బతికింది. అంతకు ముందు 1942లో దాన్ని నాజీల కంటపడకుండా కాపాడినవాడు దర్విష్ కోర్కుట్ అనే ముస్లిం గ్రంథపాలకుడు. చట్టం తప్పును తప్పని రాసిపెడుతుంది, తర్వాత శిక్షకు దారి చూపుతుంది. దాడి జరిగే రోజున పుస్తకాన్ని కాపాడేది మాత్రం దాని విలువ తెలిసి, అక్కడే ఉండి, చేయి అడ్డుపెట్టగలిగిన మనిషే.